మా మామ పాల సైకిల్, గడ్డికంటిన వెన్న

మొన్న సూర్యాపేటలో మా వీధికి పూలమ్మే ఆయన సైకిల్ మీద వచ్చిండు. "మల్లెపూలూ" అని కేక వినబడంగనే కుట్టుమిషన్ ఆపి బయటికొచ్చిన. ఆయన గంప మీది తడిగుడ్డ తీసి మూర కొలుస్తున్నడు. నేను పూల దిక్కు చూడాలె గద, చూడలే. వంగి, వెనక చక్రం పుల్లల సందుల బొటనవేలు పెట్టి, రిమ్ము లోపలి అంచు మీద గోటితో గీకుతున్న. ఆ పని చేస్తున్నట్టు నాకే తెలియదు. ఆయన కొలుసుడు ఆపి, "ఏందమ్మా, పూలు సూడమంటే చక్రం సూడవడ్తివి?" అన్నడు. సరిగ్గా అప్పుడే గోరు ఒక గాడిలోకి దిగి ఆగింది. "రిమ్ము అయిపోయిందయ్యా, మార్పించుకో" అన్న. "మొన్ననే బెండు తీయించిన" అని నవ్విండు. "బెండు కాదు, అరిగింది. రెండూ ఒకటి కాదు" అంటుంటే ఆ మాట ఎక్కడో విన్నట్టే అనిపించింది. వినుడేంది, ఆ మాట మా నాన్నది. ఆ వెనకనే మా మామ దగ్గు కూడ వినబడ్డట్టయింది. పూలు తీసుకొని లోపలికొచ్చిన గని, ఆ రోజు మిషన్ మీద ఒక్క జాకెట్టు కూడ సక్కగ సాగలే.

మా పుట్టిల్లు కోదాడ. నాన్నకు అక్కడ సైకిల్ షాపు ఉండేది. షాపంటే పెద్దగ ఊహించుకోకండి. రేకుల కింద ఒక గాలిపంపు, పంచరు చూసే నీళ్ల తొట్టి, తాళ్లకు వేలాడే పాత టైర్లు, గ్రీసు నల్లగ పట్టిన ఒక ముక్కాలిపీట. బడి నుంచి ఇంటికి పోయే తొవ్వలోనే షాపు ఉండేది కాబట్టి నేను ఇంటికి పోకుండ అక్కడే ఆగిపోయేదాన్ని. అమ్మకు అదంటే మంట. నా వేళ్లు పట్టుకొని చూసి, "ఈ గోళ్లు చూస్తే ఏ పెళ్లికొడుకు ఒప్పుకుంటాడే నిన్ను" అని తిట్టేది. నాన్న వినబడనట్టు పానా వెతుక్కునేటోడు. నాకు ఆయన చెప్పిన చదువు ఏదన్నా ఉందంటే అది ఆ షాపులోనే. అందులో నాకు బాగ పట్టుబడ్డది రిమ్ము చూసుడు.

టైరు అయిపోయిందంటే మనిషికి కోపం రాదు, రిమ్ము అయిపోయిందంటే మాత్రం వస్తది. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. టైరు అంటే చెప్పు లాంటిది, అరుగుతదని అందరికీ తెలుసు. రిమ్ము ఇనుము గద, ఇనుము ఎట్ల అరుగుతదని కొట్లాటకొస్తరు. నాన్న వాళ్లతోని కొట్లాడకుండ చక్రం నా ముందర పెట్టి నాకు చెప్తున్నట్టు చెప్పేటోడు. "చూడమ్మా, బెండు అంటే దెబ్బ. ఏ గుంతలోనో పడితే వచ్చుద్ది. పుల్లలు బిగిస్తే పోద్ది. అరుగుడు అట్లా కాదు. రోజూ బ్రేకు రబ్బరు తాకి తాకి, ఆ రబ్బరులో ఇరుక్కున్న ఇసుక నూరి నూరి, కొంచెం కొంచెంగా పోద్ది. పైకి తళతళలాడతానే ఉంటది. గోరు పెట్టు. గోరు జారితే ఇంకా ఉంది. గోరు దిగితే అయిపోయింది." ఆ తర్వాత పుల్లలు దిగే రంధ్రాల చుట్టూ వెంట్రుకంత పగులు ఏమన్నా ఉందా అని చూపించేటోడు. అరిగిన రిమ్ముకు ఎన్నిసార్లు పుల్లలు బిగించినా నాలుగు రోజులకు మళ్ల ఆడుతది. అట్ల బెండు మళ్లమళ్ల వస్తుందంటే అది బెండు కాదని తెలుసుకోవాలె. ఇంతే విద్య. ఈ విద్య నా సంసారంల పనికొస్తదని అమ్మ గని నేను గని కలలో కూడ అనుకోలే.

రెండు వేల రెండులో నన్ను మిర్యాలగూడ దిక్కు ఇచ్చిండ్రు. మా ఆయన బియ్యం మిల్లుల లారీ డ్రైవరు. లోడు ఎక్కిస్తే మళ్ల ఏ వారానికి మొఖం చూపిస్తడో తెలియదు. ఇంట్ల అత్త, మామ, బర్రెలు, నేను. నా మాటకు ఊరంత నవ్వుకునేది. "పోద్ది", "వచ్చుద్ది" అంటే చాలు, ఆంధ్ర పిల్ల వచ్చిందని ఆడోళ్లు బావి దగ్గర నాతోని ఆ మాట మళ్లమళ్ల అనిపించేటోళ్లు. జగ్గయ్యపేట చుట్టాలింటికి పోతేనేమో తెలంగాణ పిల్ల వచ్చిందనేటోళ్లు. కోదాడల పుట్టినోళ్ల గతి ఇంతే. ఇగ ఇప్పుడు నా నోట్లె ఏ మాట ఏ ఊరిదో నాకే తెలియదు.

ఆ ఇంట్ల ఒక పద్ధతి ఉండేది. మామ ముందట కోడలు కూసోవద్దు, మామకు ఎదురుపడొద్దు, మామతోని నోరు తెరిచి మాట్లాడొద్దు. మా అత్త కూడ తన మామతోని అట్లనే బతికిందట. ఆయన ఎన్నడూ నన్ను ఒక్క మాట అనలే, గని ఆయన గొంతు నాకు దగ్గు రూపంలనే తెలుసు. వాకిట్లకు వచ్చే ముందు ఒకసారి దగ్గుతడు, నేను కొంగు సవరించుకొని లోపలికి పోవాలె. అన్నం పెట్టమన్నా, నీళ్లు తెమ్మన్నా అత్తకు చెప్తడు, అత్త నాకు చెప్తది. నేను పక్కనే నిలబడి ఉన్నా సరే. మొదట్ల నవ్వొచ్చేది. నవ్వితే అత్త కళ్లు పెద్దగ చేసేది.

మామకు సైకిల్ ప్రాణం. తెల్లారంగనే పాలు పిండుడు, రెండు క్యాన్లు క్యారియర్‌కు చెరో దిక్కు తగిలించుడు, మూతల కింద వరిగడ్డి చుట్టలు కుక్కుడు. ఆ గడ్డి ఎందుకంటే, తొవ్వల పాలు ఎగిరి ఒలకకుండ. పాలోళ్లందరు చేసేదే. మా ఊరి నుంచి మిర్యాలగూడ పట్నం పోవాలంటే సాగర్ కాలువ కట్ట ఎక్కి, కట్ట మీద కొంచెం దూరం పోయి, మళ్ల దిగాలె. ఆ దిగుడు బాగ ఏటవాలు. దిగంగనే మిల్లులకు పోయే లారీల రోడ్డు అడ్డమొస్తది. నిండు క్యాన్లతోని దిగేటప్పుడు బ్రేకు గట్టిగ పట్టి, కాలు కూడ నేలకు ఈడ్చుకుంట దిగేటోడు. ఆ రోడ్డు మీద లారీ నడిపేటోడు మా ఆయనే కాబట్టి ఆ దిగుడు సంగతి మాకు బాగ తెలుసు. మామ పాలంటే మిర్యాలగూడల పేరు. చుక్క నీళ్లు కలపడని అనేటోళ్లు. ఆయనకు ఉన్న ఆస్తి ఆ పేరే. దాన్ని చూసుకొనే ఆయన నడక కూడ కొంచెం నిక్కుగ ఉండేది.

నేను నీళ్లోసుకున్న యాడాది వానలు దంచికొట్టినయి. నాకు ఏది తిన్నా ఇమిడేది కాదు. అత్త రోజు మాపటికి ఒక జొన్నరొట్టె వేడివేడిగ చేసి, దాని మీద నిమ్మకాయంత వెన్న పెట్టి, తలుపు చాటుకు పిలిచి తినిపించేది. అది ఒక్కటే నా కడుపుల నిలిచేది. ఆ రొట్టె వాసన, దాని మీద కరిగి జారే వెన్న, పక్కన అత్త కూసొని "ఇంకొంచెం, ఇంకొంచెం" అనుడు, ఇప్పుడు తలుచుకున్నా నాకు ఆకలైతది. ఇంట్ల పాలన్నీ పట్నానికి పోతయి గద, ఈ వెన్న యాడిదని ఒకనాడు అడిగిన. అత్త గొప్పగ నవ్వి, "మీ మామ పాలు పోసొస్తడు, తొవ్వ మనకు వెన్న ఇస్తది" అన్నది. నాకు ఏం సమజ్ గాలే. క్యాన్లు కడుగుడు అత్త పని, నన్ను ముట్టనిచ్చేది కాదు. వానలు ఎక్కువైన కొద్ది నా రొట్టె మీద వెన్న కూడ ఎక్కువైంది.

ఒకనాడు పొద్దెక్కినంక మామ పట్నం నుంచి తిరిగొచ్చిండు. దగ్గలే. సైకిల్ గోడకు ఆనించి నులకమంచం మీద పడ్డడు. అన్నం వద్దన్నడు. అత్త బతిమిలాడి అడిగితే మెల్లగ చెప్పిండు. తను ఎన్నో ఏండ్ల నుంచి పాలు పోసే హోటలాయన, చాయ్ తాగే పదిమందిల నిలబెట్టి, "పెద్దాయనా, నువ్వు గూడ మొదలుపెట్టినవా? చాయ్ పలసనైతుంది. ఎన్ని నీళ్లు కలుపుతున్నవ్?" అన్నడట. మామ అక్కడనే పాల క్యాను మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండట. అందరు నవ్విండ్రట. "ఇగ నాకు ఈ పాలు వద్దు, ఈ పట్నం వద్దు. ఈ అంగడికి బర్రెలను తోలుకపోయి అమ్మేస్త" అన్నడు. తలుపు ఎనకాల నిలబడి విన్న నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆ మనిషి పాలల్ల నీళ్లు కలుపుడేంది! నీళ్లతోని కడిగిన క్యాను తడి కూడ ఆరాలెనని ఎండకు బోర్లించే మనిషి. అత్త బర్రెల దగ్గరికి పోయి వాటి వీపులు నిమురుకుంట ఏడ్చింది.

ఆ రోజు అత్తకు ఏడ్చి ఏడ్చి తలనొప్పి. క్యాన్లు కడిగే పని నా మీద పడ్డది. మూత తీసిన. లోపలి గడ్డి చుట్ట బయటికి తీస్తే ఏముంది, గడ్డి పోగు పోగుకు తెల్లగ వెన్న! చేతితోని తీస్తే ముద్దకు ముద్ద. అప్పుడు అర్థమైంది తొవ్వ ఇచ్చే వెన్న ఏందో. పాలు తొవ్వ పొడుగూత ఎగిరెగిరి పడి, క్యాన్లనే చిలుకబడుతున్నయి. వెన్నంత గడ్డికి అంటుకొని ఇంటికొస్తుంది, పలసటి పాలు హోటల్‌కు పోతున్నయి. ఆ ముద్ద చేతుల పట్టుకొని నిలబడ్డ. అంతగనం ఎగురుడెందుకు? నా కండ్లు గోడకు ఆనించిన సైకిల్ మీదికి పోయినయి. మామ కండ్లు మూసుకొని పడుకున్నడు. చప్పుడు కాకుండ పోయి, వెనక చక్రం కొంచెం లేపి తిప్పిన. ఒక్కచోటికి రాంగనే చక్రం పక్కకు జరిగి బ్రేకు రబ్బరును కొడుతుంది. గోరు పెట్టిన. జారలే. గీతల గీతల లోపలికి దిగింది. ఇంకొంచెం జరిపి చూస్తే, ఒక పుల్ల రంధ్రం దగ్గర వెంట్రుకంత పగులు. తెల్లారితే మామ ఇదే చక్రం మీద కట్ట దిగుతడు, కింద లారీల రోడ్డు.

ముందు అత్తకు చెప్పిన. "మొగోళ్ల బండి సంగతి మనకెందుకే" అన్నది. రిమ్ము అంటే ఆమెకు ఎక్కలే. గడ్డి చుట్ట తెచ్చి ముందల పెట్టి, "ఈ వెన్న ఆయన పాలల్లది అత్తా. ఇది ఇట్ల బయటికొస్తుంది కాబట్టే అక్కడ పలసనైతున్నయి" అన్నప్పుడు ఆమె మొఖం చూడలేకపోయిన. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, "అయ్యో, నేను నీకు పెట్టుకుంట సంబరపడ్తి గదనే. నా చేతులతోనే ఆయన పేరు తీస్తి గదా" అని కూలబడ్డది. పోయి చెప్పమంటే చెప్పలేనన్నది. ఇన్ని రోజులు దాచిపెట్టి కోడలికి తినిపిస్తినని యే నోటితోని చెప్పాలె అన్నది. నేను చెప్తామంటే నాకు నోరు లేదాయె.

మా చుక్కబర్రెకు మామ మంచం దగ్గరనే కట్టుగుంజ. నుదుటి మీద తెల్ల చుక్క ఉంటది కాబట్టి చుక్క అనేటోళ్లం. సాయంత్రం దానికి కుడితి పెట్టే వంకన బకెట్ పట్టుకొని పోయిన. మామ ఉన్న దిక్కు వీపు పెట్టి, బర్రె మెడ గోకుకుంట, ఆయనకు వినబడేటట్టు మొదలుపెట్టిన.

"చుక్కా, నీ పాలల్ల ఎవ్వరు నీళ్లు కలపలేదే. నీ పాలు తొవ్వల చిలుకబడుతున్నయి. వెన్నంత గడ్డికి అంటుకుంటుంది."

మంచం కిర్రుమన్నది. ఒక దగ్గు. ఆ దగ్గు వినంగనే అలవాటు కొద్ది లోపలికి పరుగెత్తబోయి ఆగిన. ఆయన కూడ బర్రెతోనే మాట్లాడిండు.

"చుక్కా, చిలుకుడు ఏందట? క్యాన్ల కవ్వమున్నదా?"

"కవ్వం లేదే, చక్రం ఉన్నది. వెనక రిమ్ము అరిగిపోయింది. బ్రేకు పట్టినప్పుడల్ల ఎగిరెగిరి పడుతుంది."

"మొన్ననే బెండు తీయించిన గదనే చుక్కా."

"బెండు అయితే ఊకుంటది. ఇది ఊకుంటలేదు. గోరు పెడితే దిగుతుంది. పుల్ల దగ్గర పగిలింది కూడ. కాలువ కట్ట దిగేటప్పుడు అది ఇరిగిందనుకో..." ఇగ నా గొంతు ఆగలే. "కడుపుల ఉన్న పిల్లకు తాత కావాలె గదనే చుక్కా!"

చుక్కబర్రె ఇద్దరి మాటలు విని, తోకతోని నా మొఖం మీద ఫట్టున ఒక్కటిచ్చింది. కుడితి బకెట్ కింద పడ్డది. ఆ చప్పుడుకు అత్త బయటికొచ్చి గడప మీద నిలబడ్డది. మామ మంచం దిగిండు. సైకిల్ తెచ్చి వాకిట్ల తలకిందులు పెట్టిండు. వెనక చక్రం మెల్లగ తిప్పి, ఆపి, నా దిక్కు చూసిండు. పెళ్లయినంక ఆయన నా మొఖం చూసుడు అదే మొదలు.

"బిడ్డా, ఇటు రా. యాడ దిగుతుందో గోరు పెట్టి సూపియ్యి."

బిడ్డా అన్నడు. నేను కొంగు సవరించుకునుడు కూడ మరిచిపోయి పోయి, కింద కూసొని, గోరు పెట్టి చూపించిన. ఆయన తన బొటనవేలి గోరు, మొద్దుగ పలుగురాయి లెక్క ఉండేది, అదే చోట పెట్టిండు. దిగింది. పగులు మీద కూడ వేలు పెట్టి చూసిండు. "నాకు అనుమానం ఉండె" అన్నడు. "ఈ సైకిల్ మా పెండ్లికి మీ అత్త పుట్టింటోళ్లు పెట్టింది. టైర్లు మారినయి, సీటు మారింది, బ్రేకులు మారినయి. ఆమె తోని వచ్చినయి ఈ రెండు చక్రాలే మిగిలినయి. మార్చబుద్ధి గాలే."

గడప మీద ఉన్న అత్త ఇన్నేండ్ల కాపురంల ఆ మాట మొదటిసారి వింటుంది. ఏడుస్తుందో నవ్వుతుందో తెలియకుండ, "చక్రం పోతే పాయె, నేను ఉన్న గదయ్యా!" అన్నది. ఆ వెంటనే, ఆ ఊపుల, వెన్న సంగతి కూడ చెప్పేసింది. గడ్డి నుంచి తీసి దాచినట్టు, నాకు పెట్టినట్టు, అన్నీ. మామ కోపమైతడనుకున్న. ఆయన నా కడుపు దిక్కు ఒకసారి చూసి, "పెట్టినవ్ గద, మంచిగ చేసినవ్. బయటోళ్లకైతే పొయ్యలే గద" అన్నడు. ఆ పూట ఇంత అన్నం ఎక్కువ పెట్టించుకొని తిన్నడు. బర్రెలు అమ్మే ముచ్చట మళ్ల ఎత్తలే.

మిర్యాలగూడల సైకిల్ షాపులు లేవా, ఉన్నయి. గని మామ వినలే. రోగం కనిపెట్టిన గోరు ఏ ఇంటిదో మందు కూడ ఆ ఇంట్లనే వేయించాలె అన్నడు. తెల్లారి పాలు పొరుగాయన చేతికిచ్చి పంపి, చక్రం ఊడదీసి భుజానికి తగిలించుకొని, కోదాడ బస్సెక్కిండు. హుజూర్‌నగర్ దాక కండక్టరుతోని లగేజీ టికెట్ పంచాయితీ అట. "ఇది లగేజీ కాదు, మా కోడలి సాక్ష్యం" అన్నడట. తర్వాత నాన్న చెప్తుంటే నవ్వలేక సచ్చిన. వియ్యంకుడు మా ఇంటికి ముందు చెప్పకుండ రాడు, వస్తే తెల్లబట్టల మీద వస్తడు. అట్లాంటిది గ్రీసు పట్టిన చక్రం మోసుకుంట షాపు ముందల దిగేసరికి నాన్న చేతిల పానా కింద పడ్డదట. నాకు ఏమన్నా అయిందా అని ముందు అదే అడిగిండట. మామ చక్రం ముందల పెట్టి, "బావా, నీ బిడ్డ గోరు పెట్టి చెప్పింది, ఇది అయిపోయిందట. నువ్వు కూడ ఒకసారి పెట్టి సూడు" అన్నడట. నాన్న పెట్టి చూసిండు. "నేనైనా ఇదే మాట చెప్పేవాణ్ణి బావగారూ" అన్నడట.

అమ్మ కోడి కోయించింది. నాన్న పాత హబ్బు, ఉన్నయిల మంచి పుల్లలు అట్లనే ఉంచి, కొత్త రిమ్ముకు ఒక్కొక్క పుల్ల అల్లిండు. మామ పక్కన బోర్లించిన బకెట్ మీద కూసొని, ఒక్క పుల్ల కూడ కన్ను దాటిపోకుండ చూసిండట. అరిగిన రిమ్ము ఇక్కడ పడేసి పోండి బావగారూ అని నాన్న అంటే, ఇయ్యలే. వచ్చేటప్పుడు భుజానికి రెండయినయి. బస్సెక్కి పోయే ముందు మామ నాన్న చెయ్యి పట్టుకొని, "నీ బిడ్డను నేను తెచ్చుకున్ననని అనుకుంటి. ఆమెనే మమ్ముల సూసుకుంటుంది" అన్నడట. నాన్న ఆ మాట నాకు చెప్పేటప్పుడు పంచరు తొట్టి దిక్కు తిరిగి చెప్పిండు. మా నాన్న అట్ల తిరిగిండంటే ఏడుస్తున్నట్టు.

కొత్త రిమ్ము మీద మొదటి రోజు పాలు పోసొచ్చినంక అత్త క్యాను మూత తీసి, గడ్డి చుట్ట తీసి, వెలుతురుకు పెట్టి చూసింది. ఒక్క చుక్క వెన్న లేదు. ఆమె మొఖంల సంబరము, కొంచెం దిగులు రెండూ కనబడ్డయి. ఆనాటి నుంచి పిండంగనే ఒక చెంబెడు పాలు ఇంట్లకు తీసిపెట్టి, కాచి, తోడేసి, నా కోసమని సొంతంగ చిలికేది. హోటలాయన కొన్నాళ్లు పోయినంక, "పెద్దాయనా, ఇప్పుడు చిక్కగొస్తున్నయి" అన్నడట. "పాలు ఎప్పటియే. చక్రం కొత్తది" అని మామ క్యాను ఎత్తుకొని వచ్చిండు. హోటలాయనకు ఏం సమజైందో ఏమో, గని మళ్ల ఎన్నడూ నీళ్ల మాట ఎత్తలే.

పాత రిమ్మును అత్త చింతపండుతోని తోమి, నడుమ తాళ్లు అల్లి, పైన మూడు తాళ్లు కట్టి, దూలానికి ఉట్టి లెక్క వేలాడదీసింది. అండ్ల వెన్న కుండ పెట్టేది. ఇన్ని రోజులు మన వెన్న దొంగతనం చేయించింది ఇదే, ఇగ కావలి కూడ ఇదే కాయాలె అనేది. మా బిడ్డ పుట్టి కాస్త నిలబడ్డంక మొదలు చేతులు చాచింది ఆ ఉట్టి దిక్కే.

అప్పటి సంది నెల నెల అమాస నాడు మామ సైకిల్ కడిగి, నిమ్మకాయ కట్టి, వంటింటి తలుపు ముందల స్టాండు వేసి నిలబెట్టేటోడు. దగ్గుడు లేదు, చాటు లేదు. "బిడ్డా, గోరు!" అని ఒక్క కేక. పిండి చేతులుంటే పిండి చేతులతోనే పోయి రెండు చక్రాలకు గోరు పెట్టి, "జారుతుంది మామా" అనేదాన్ని. అయితే ఇంకా ఉన్నట్టే అని ఆయన సైకిల్ తోలుకపోయేటోడు. నడుమ ఒకసారి ముందరి చక్రానికి గోరు దిగింది. "ఇది అయిపోయింది మామా" అన్న. మారు మాట్లాడకుండ ఊడదీసి, బస్సెక్కి, కోదాడ పోయిండు. చుట్టుపక్కల కోడండ్లు నన్ను చూసి నవ్వేటోళ్లు. కొందరు మాత్రం, మీ మామ నీతోని మాట్లాడుతడా అని నా దగ్గరకొచ్చి మెల్లగ అడిగేటోళ్లు. ఆ అడుగుడుల ఏముందో నాకు తెలుసు. నా అదృష్టం ఏందో నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత తర్వాత ఇంటింటికి ప్యాకెట్ పాలొచ్చినయి. మామ మోకాళ్లు కట్ట ఎక్కనియ్యలే. బర్రెలు తగ్గినయి. మా ఆయన సొంతంగ ఒక చిన్న బండి తీసుకొని సూర్యాపేటకు మారిండు, నేను ఇక్కడ మిషన్ పెట్టుకున్న. పండుగకో పబ్బానికో పోతే సైకిల్ తుడిచి పెట్టి ఉండేది. నడపకున్నా గోరు పెట్టించేటోడు.

తెలంగాణ వచ్చిన యాడాది ఎండాకాలం చివర మామను మిర్యాలగూడ దవాఖానల వేసిండ్రు. నేను పోయేసరికి మంచం మీద సగమే ఉన్నడు. డాక్టరు మా ఆయనను బయటికి పిలిచి, ఈ వారం దాటుడు కష్టమన్నడట. అత్త కాళ్ల దగ్గర కూసొని ఉంది. మామ నన్ను చూసి, సెలైన్ లేని చెయ్యి మెల్లగ ముందరికి చాచిండు. మణికట్టు పైకి తిప్పిండు. గొంతు లేదు, పెదాలే కదిలినయి.

"బిడ్డా, గోరు."

నవ్వుతున్నడు ముసలాయన. నా బొటనవేలు ఆయన మణికట్టు మీద పెట్టిన. తోలు వదులై కిందికి కుంగింది. యాడ పెట్టినా దిగుతుంది. నాన్న చెప్పిన చదువంత ఆ వేలి కొసకు వచ్చి నిలబడ్డది. మెల్లగ గీకి, "జారుతుంది మామా" అన్న.

కండ్లల్ల ఆ పాత నిక్కు ఒకసారి మెరిసింది. "అయితే బెండేనంటవా?"

"బెండే మామా. పుల్లలు బిగిస్తే పోతది."

ఆయన తృప్తిగ కండ్లు మూసుకున్నడు. అత్త కొంగు నోట్ల కుక్కుకున్నది. ఆ వారం దాటదన్న మనిషి ఇంటికొచ్చి, చుక్కబర్రె మనుమరాలి పాలు తాగి, వాకిట్ల మంచం వేయించుకొని వాన చప్పుడు విన్నడు. మా అమ్మాయికి గోరు ఎట్ల పెట్టాలెనో ఆయనే నేర్పిండు. వానలు ఎలిసినంకనే పోయిండు. రిమ్ముల సంగతిల నా గోరు ఒక్కసారి కూడ తప్పు చెప్పలే. మనిషి సంగతిల ఆ ఒక్కనాడు తప్పు చెప్పించిన, కాలానికి అది తెలుసు, తెలిసి కూడ మా మామ కోసం ఒక వానకాలం ఆగింది.